కుండీ మొక్కను నేలలో నాటాక ఎదగట్లేదా? ముందు వేళ్లు చూడండి

నర్సరీ నుంచి తెచ్చి నాటిన చెట్టు మొక్క కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, చాలామంది చేయి ఎరువు సంచి మీదికే పోతుంది. దయచేసి ఆగండి. ఆకుల్లో కనిపించే తేడాకి కారణం చాలాసార్లు వేళ్ల దగ్గరే ఉంటుంది, అక్కడ ఎరువు చేసే మేలు ఏమీ లేదు.

రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు వాడిపోతున్నాయి

నాటిన కొన్ని వారాల దాకా వేళ్లు పాత కుండీ మట్టి ముద్దలోనే ఉంటాయి. ఆ ముద్దలో కొబ్బరి పొట్టు, కంపోస్టు లాంటి తేలికపాటి సరుకు ఎక్కువ. అది చుట్టూ ఉన్న నేలకన్నా త్వరగా ఆరిపోతుంది. ఒకసారి బాగా ఎండిందంటే తొందరగా నీళ్లు పీల్చుకోదు. మీరు పాదు నిండా పోసిన నీళ్లు పక్క మట్టిలోకి జారుకుంటాయి. పాదు తడిగా ఉంటుంది, మొక్క దాహంతో ఉంటుంది.

కాండం పక్కనే రెండు అంగుళాల లోతుకి వేలు పెట్టి చూడండి. తర్వాత ఒక అడుగు దూరంలో చూడండి. మొదటి చోట పొడిగా ఉంటే జబ్బు దొరికినట్టే. నీళ్లు కాండానికి దగ్గరగా, సన్నటి ధారతో, ముద్ద పూర్తిగా నానేదాకా పోయాలి. వేళ్లు బయటికి పాకే కొద్దీ పాదు వెడల్పు పెంచండి.

రెండు చోట్లా బురదగా ఉంటే మాత్రం కథ వేరు. గాలి ఆడక వేళ్లు కుళ్లినా ఆకులు అచ్చం అలాగే వాడిపోతాయి. అది చూసి మరిన్ని నీళ్లు పోస్తే మొక్క దక్కదు. నీళ్లు ఆపండి, మట్టి కాస్త ఆరనివ్వండి. నీరు దిగని నేలైతే మొక్కను తీసి, కొద్దిగా ఎత్తు చేసిన దిబ్బ మీద నాటడమే మార్గం. కొత్తగా నాటేవాళ్లు గుంతని ఒకసారి నీళ్లతో నింపి, ఇంకిపోయాక మళ్లీ నింపి చూడండి. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అక్కడ గుంతలో నాటకండి.

ఏడాది దాటినా పెరుగుదల లేదు, ఊపితే మొదలు కదులుతోంది

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సమస్య ఇదే, పైకి కనిపించదు కాబట్టి. కుండీలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్లు గోడకి తగిలి గుండ్రంగా తిరుగుతాయి. కుండీ లాగేస్తే ముద్ద అడుగున పెన్సిలంత లావు వేళ్లు చుట్టలు చుట్టుకుని కనిపిస్తాయి. అలాగే నాటితే అవి పక్కకి పాకకుండా అదే చుట్టలో లావెక్కుతాయి. కొన్నేళ్లకి కాండం కూడా లావై ఆ వేరుకి ఒరుసుకుంటుంది, చివరికి ఆ వేరు కాండానికి ఉరి అవుతుంది. పచ్చగా ఉన్న చెట్టు గాలివానకి మొదలంటా పడిపోవడానికి ఇదొక కారణం.

నాటి ఏడాదిలోపే అయితే, ఎండ తగ్గిన కాలం చూసి మొక్కను పైకి తీయండి. పదునైన కత్తితో ముద్ద చుట్టూ, అడుగునా ఒక అంగుళం మందాన చెక్కేయండి. కాండం దగ్గర అడ్డంగా చుట్టిన వేరు ఏదైనా ఉంటే కోసేయండి. వేళ్లు కోస్తే చచ్చిపోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. కోసిన చోట నుంచి కొత్త వేళ్లు బయటికి పుడతాయి. కొన్ని వారాలు తడి ఆరకుండా చూసుకుంటే చాలామటుకు తట్టుకుంటుంది. చెట్టు పెద్దదైపోతే మొదలు దగ్గర మట్టి తప్పించి, కాండానికి ఆనుతున్న వేరుని మాత్రమే తెంచాలి. కాండంలోకి దిగబడిపోయిన వేరుని పెకలించకండి, బెరడు చీలుతుంది.

కాండం స్తంభంలా నేరుగా మట్టిలోకి దిగింది

చెట్టు మొదలు నేల దగ్గర కొద్దిగా వెడల్పు కావాలి. ఆ వెడల్పు కనిపించలేదంటే లోతుగా నాటినట్టు. గుంత అడుగున వదులు మట్టి పోసి నాటితే తర్వాత మొక్క కిందికి కుంగుతుంది. కొన్నిసార్లు కుండీలోనే పైన మట్టి ఎక్కువ పోసి ఉంటారు. మొదటి పెద్ద వేరు బయటపడేదాకా మట్టి తీసేయండి. బాగా లోతుగా పోయిన లేత మొక్కను ఎత్తి మళ్లీ నాటడం మేలు. గుంత లోతు ముద్ద ఎత్తుకి మించకూడదు, వెడల్పు మాత్రం రెండు మూడింతలు ఉండాలి. తవ్విన మట్టినే తిరిగి పోయండి. అంటు మొక్కకైతే అంటు కట్టిన చోటు నేలకి పైనే ఉండాలి.

ఎండుటాకులు, గడ్డి పరిస్తే మంచిదే, రెండు మూడు అంగుళాల మందం చాలు. కాండానికి మాత్రం తగలనివ్వకండి.

ఆకు అంచులు మాడుతున్నాయి

ఎరువు ఎక్కువైనా, నీరు తక్కువైనా ఇలాగే అవుతుంది. ఈమధ్యే ఎరువు వేసి ఉంటే రెండు మూడుసార్లు నిండుగా నీళ్లు పారించి కడిగేయండి. కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉంటే అది తరచుగా ఇనుము లోపం. సున్నపు నేలల్లో, నీరు నిలిచే చోట ఎక్కువగా వస్తుంది.

ఊతకర్ర తీస్తే వాలిపోతోంది

బిగించి కట్టడం వల్ల కాండం గాలికి కదలక బలపడలేదు. వెడల్పాటి మెత్తటి పట్టీతో వదులుగా, వీలైనంత కింద కట్టండి. తీగతో కట్టి ఉంటే ఇవాళే విప్పేయండి, బెరడుని కోస్తుంది. ఏడాది తర్వాత కర్ర అవసరం సాధారణంగా ఉండదు.

ఆకులన్నీ రాలిపోయాయి, బతికుందా?

గోటితో కొమ్మ మీద చిన్నగా గీకండి. లోపల పచ్చగా తడిగా ఉంటే బతికే ఉంది. కొన నుంచి కిందికి గీక్కుంటూ వచ్చి, పచ్చదనం మొదలయ్యే చోటికి కాస్త పైన కత్తిరించండి. ముద్దలో తడి సరిచూసుకుంటూ చిగురు కోసం ఆగండి, ఎరువు వద్దు. అంటు మొక్కలో అంటు కింద నుంచి మాత్రమే చిగురు వస్తుంటే మీరు కొన్న రకం పోయినట్టే, బతికింది కింది మొక్క. అప్పుడు కొత్తది తెచ్చుకోవడమే మంచిది, ఈసారి కొనేముందు కుండీ లాగి వేళ్లు చూపించమని అడగండి.