వాన పడ్డాక ట్రాన్స్‌మిటర్ పవర్ పడిపోతోందా?

హైదరాబాద్‌లో తొలకరి మొదలవగానే హామ్ మిత్రులు (సరదా కోసం సొంత రేడియో సెట్టుతో మాట్లాడుకునేవాళ్లు) ఒకరి తర్వాత ఒకరు చెప్పే మాట ఇదే: "నిన్నటిదాకా 50 వాట్లు ఇచ్చిన సెట్టు ఇవాళ 10 దాటడం లేదు." కంగారుపడి సెట్టు మూత విప్పకండి.

సమస్య: పవర్ దానంతట అదే తగ్గుతోంది. యాంటెనా వైపు నుంచి ఎంత శక్తి తిరిగొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (1 అంటే ఏమీ తిరిగి రావడం లేదని) 3 చూపిస్తోంది.

కారణం: మీటరు దాకా వెళ్లిన శక్తిలో 25 శాతం వెనక్కి వస్తోంది. అదంతా ట్రాన్సిస్టర్‌లో వేడిగా మారుతుందని చాలామంది నమ్మకం. జరిగేది వేరు. పోయే తరంగం, తిరిగొచ్చే తరంగం కలిసి, 50 ఓమ్‌ల లోడు కోసం తయారైన, సెట్టులోని యాంప్లిఫయర్‌కు మరో లోడుగా కనిపిస్తాయి. అవి ఏ దశలో (ఫేజ్‌లో) కలిశాయన్నదాన్ని బట్టి వోల్టేజి హద్దు దాటవచ్చు, కరెంటు పెరిగి ట్రాన్సిస్టర్ మాడిపోవచ్చు, ఒక్కోసారి మామూలుకన్నా చల్లగానూ ఉండవచ్చు. ఏది జరుగుతుందో ముందే తెలియదు కాబట్టే రక్షణ సర్క్యూటు పవర్ తగ్గిస్తుంది. దయచేసి దాన్ని పనిచేయకుండా చేయవద్దు. కేబులు పొడవు మార్చినా యాంప్లిఫయర్‌కు కనిపించే లోడు మారుతుందే గానీ, యాంటెనా వైపు లోపం పోదు.

పరిష్కారం: యాంటెనా తీసి, దాని బదులు శక్తిని వేడిగా మార్చుకునే 50 ఓమ్‌ల డమ్మీ లోడు తగిలించండి. అప్పుడూ పవర్ రాకపోతే సెట్టును మరమ్మతుకు ఇవ్వాలి. పూర్తిగా వస్తే యాంప్లిఫయర్ క్షేమం, ఇక మేడ ఎక్కండి. పోయిన వానల్లో మా వాటర్ ట్యాంకు పక్కనున్న కనెక్టర్ విప్పి చూశాను. కేబులులోని రాగి అల్లిక పచ్చబడి ఉంది, వేలితో నొక్కితే నీరు ఊరింది. అలాంటి కేబులును ఎండబెట్టి వాడకండి. మెరిసే రాగి కనిపించేదాకా కోసి, కొత్త కనెక్టర్ వేయండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. దానిపై రబ్బరు టేపును ఇంటి పెంకుల వరసలా కింది నుంచి పైకి చుట్టండి.

సమస్య: మీటరు 1.2 దగ్గర చక్కగా ఉంది, కానీ మన మాట ఎవరికీ అందడం లేదు.

కారణం: శక్తిని కేబులే మింగుతోంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్ల ఆర్‌జీ-58 రకం సన్న కేబులులో సుమారు 3 డెసిబెళ్లు, అంటే సగం శక్తి పోతుంది. తిరిగొచ్చేటప్పుడు మిగిలినదాంట్లో మళ్లీ సగం. అందువల్ల యాంటెనా పూర్తిగా తెగిపోయినా కింద మీటరు 3 మాత్రమే చూపిస్తుంది. నానిన కేబులైతే అంత కూడా చూపించదు.

పరిష్కారం: పై చివర యాంటెనా విప్పి, అక్కడెవరూ లేరని చూసుకుని, అతి తక్కువ పవర్‌తో కొలవండి. ఈ పొడవు కేబులు బాగుంటే మీటరు 3 దాకా ఎగరాలి. 1.2 నుంచి కదలకపోతే కేబులు మొత్తం మార్చండి.