ఎండలు ముదరకముందే లీకులు పట్టండి

మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో ట్యాంకర్ల కోసం ఫోన్లు మొదలవుతాయి. బోరు ఎండిపోయాక హైరానా పడేకంటే, శివరాత్రి వెళ్లగానే ఒక ఆదివారం ఇంటి పైపుల పని చూసుకోవడం మేలు. కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా, పంపులతో ఎత్తు మీదికి ఎక్కించి మన సంపు దాకా తెస్తున్నారు. అంత దూరం వచ్చిన నీళ్లు తీరా మన ఇంట్లో కారిపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

కుళాయి కారితే చప్పుడు వినిపిస్తుంది, ఎవరో ఒకరు వాషర్ మార్పిస్తారు. ఎవరికీ తెలియకుండా నీళ్లు పోయేది ఫ్లష్ ట్యాంకులో. బోరు నీళ్లకు లోపలి రబ్బరు వాషర్ గారపట్టి గట్టిపడుతుంది. సందులోంచి నీళ్లు కమోడ్‌లోకి జారుతూనే ఉంటాయి, ఫ్లోటు ట్యాంకును నింపుతూనే ఉంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో చెంచాడు పసుపు కలిపి, ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగండి. కమోడ్‌లో నీళ్లు పచ్చబడితే వాషర్ పోయినట్టే. పాతకాలం పెద్ద ట్యాంకు ఒక్కసారికి 10 లీటర్ల దాకా వదిలేస్తుంది. రెండు బటన్ల రకానికి 3 లేదా 6 లీటర్లు చాలు. ఇప్పుడే మార్చలేకపోతే నీళ్లు నింపిన లీటరు సీసాను ఫ్లోటుకు తగలకుండా లోపల పెట్టండి. ఇటుక మాత్రం వద్దు. అది అరిగి, ఇసుక వాషర్ కింద చేరుతుంది.

నల్లా నీళ్లు రాని రోజు రాత్రి మోటార్ ఆపేసి, సంపులోకి పొడవాటి కర్ర దించి తడి ఎక్కడిదాకా ఉందో గీత పెట్టుకోండి. పైట్యాంకులోనూ అలాగే చేయండి. తెల్లారి ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ చూడండి. పైట్యాంకు తగ్గితే ఫ్లష్‌లోనో గోడ పైపుల్లోనో లీకు ఉంది. సంపు తగ్గితే గోడ బీటలిచ్చి ఉండొచ్చు. నీళ్లు రాకుండానే సంపు మట్టం పెరిగిందా? ఇది అన్నిటికంటే చెడ్డది. పక్కనున్న డ్రైనేజీ ఊరుతోందేమో తేలేదాకా ఆ నీళ్లు తాగొద్దు, వంటకూ వాడొద్దు.

సంపు కడిగించేటప్పుడు మనుషుల ప్రాణాలు పోతున్నాయి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. చాలాకాలం మూసి ఉన్న సంపులో గాలి ఆడదు. దిగిన మనిషి నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. అతన్ని లాగబోయి వెంటనే దిగినవాళ్లూ పోయిన ఘటనలు ఉన్నాయి. కొన్ని గంటల ముందే మూతలన్నీ తీసి ఉంచండి, ఫ్యానుతో గాలి కొట్టించండి. కొవ్వొత్తి వెలిగింది కదా అని నమ్మి దింపొద్దు. మోటార్ స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, మెయిన్ తీసేయండి. డీజిల్ పంపును లోపలికి దించొద్దు. దిగే మనిషి నడుముకు తాడు కట్టి, పైన ఒకరు తప్పకుండా ఉండాలి. అతను పడిపోతే పైనుంచే లాగాలి, ఎవరూ దిగకూడదు, వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. పని అయ్యాక మూతకు తాళం వేయండి, ఇంట్లో పిల్లలుంటే మరీ.

బోరు మోటార్ నీళ్లు లేకుండా తిరిగితే వైండింగ్ కాలిపోతుంది. స్టార్టర్‌కు డ్రైరన్ రక్షణ పెట్టించండి. రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే అది చౌక.

ఆర్వో వదిలే నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి వాడండి. రోజూ మొక్కలకు పోయకండి, అందులోని ఉప్పు మట్టిలో పేరుకుంటుంది. ఏసీ నీళ్లు మొక్కలకు పోయొచ్చు.

ఇంకుడు గుంత ఉంటే మృగశిర కార్తె రాకముందే, మే నెలలోనే పైపొర ఇసుక తీసి కడిగించండి. పూడిక పట్టిన గుంత నీళ్లు తాగదు. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. అయితే మొదటి వాన నీళ్లు దుమ్ముతో వస్తాయి, వాటిని బయటికి వదిలేశాకే పైపు గుంతలోకి తిప్పండి. బట్టలు ఉతికిన నీళ్లు, డ్రైనేజీ నీళ్లు అందులోకి ఎప్పుడూ పోనివ్వకండి. అవి నేరుగా బోరు నీళ్లలో కలుస్తాయి.