ఇంటిపేరుకి డాలు గుర్తు: మాటల్లో రాయడం నుంచి గేటుకి బిగించేదాకా

ఆన్‌లైన్‌లో ఇంటిపేరు కొడితే ‘మీ వంశ చిహ్నం ఇదే’ అని డాలు, కిరీటం, రెండు సింహాలు ఉన్న బొమ్మ చూపించి అమ్మేవాళ్లున్నారు. దానికి డబ్బు కట్టకండి. ఈ పద్ధతి బాగా పాతుకుపోయిన ఇంగ్లండులోనే ఇంటిపేరుకంటూ డాలు గుర్తు ఉండదు. అక్కడ 1484లో పుట్టిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఒక మనిషికి డాలు గుర్తు ఇస్తుంది, అది అతని సంతతికి దక్కుతుంది. అదే ఇంటిపేరున్న పక్కవాడికి దానితో సంబంధం లేదు. స్కాట్లండులో తనది కాని డాలు వాడితే చట్టప్రకారం నేరమే.

మన ఇంటిపేర్లకైతే అసలే కుదరదు. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో, వేరువేరు గోత్రాల్లో ఉంటుంది. వేంగి చాళుక్యుల రాగిశాసనాల ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలు ఉంటాయి. చూడముచ్చటైన ముద్ర, కానీ అది ఆ రాజవంశం లాంఛనం. మన గేటు మీదికి తెచ్చుకుంటే అబద్ధం చెప్పినట్టే. సొంతంగా కొత్తది చేసుకుంటే తప్పు లేదు, మన దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాలుగు సింహాల జాతీయ చిహ్నం మాత్రం ఎక్కడా పెట్టకూడదు, దానికి 2005 నాటి చట్టం ఉంది. రెడ్‌క్రాస్ గుర్తూ అంతే.

ముందు ఇంటిపేరు ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోండి. పాత దస్తావేజులు, తాతల నాటి శుభలేఖలు, కాశీలోనో గయలోనో మనవాళ్లు పేర్లు రాయించిన పండాల పుస్తకాలు చూడండి. ఇంగ్లీషు స్పెల్లింగు తరానికోలా మారుతుంది కాబట్టి తెలుగులో రాసిందే లెక్క. ఊరిపేరు నుంచి వచ్చినవి ఎక్కువ. గుర్రం, మేకా, నక్కా, లంకా లాంటివి సూటిగా అర్థమిచ్చే పేర్లు. పేరునే బొమ్మగా వేయడం చిన్నతనమేమీ కాదు. రెండో ఎలిజబెత్ రాణి తల్లిగారి పుట్టింటి పేరు బౌస్ లయన్, వాళ్ల డాలు మీద ఉన్నవి విల్లులూ సింహాలే. మేక మీ పేరైతే మేకనే వేయండి, బాగా కొమ్ములు తిరిగినదాన్ని.

బొమ్మకన్నా ముందు డాలు మీద ఏమేం ఉంటాయో మాటల్లో, ఒక వాక్యంగా రాయాలి. అందరూ తప్పేది ఇక్కడే. డాలుకి అసలు ఆధారం ఆ ఒక్క వాక్యం. ఎవరు గీసినా వాక్యానికి సరిపోతే అది అదే డాలు. ముందు నేల రంగు, అంటే బొమ్మల వెనక డాలంతా పరుచుకునే రంగు, తర్వాత అడ్డపట్టీలు, తర్వాత ముఖ్యమైన బొమ్మ, చివర దానిమీద ఉండేవి. లంకా వారి కోసం ఇలా రాయొచ్చు: ‘నీలి నేల, పైనొకటి, కిందొకటి తెల్లని అలల పట్టీలు, వాటి నడుమ పసుపు దిబ్బ, దిబ్బ హద్దులోనే పచ్చని కొబ్బరి మొలక.’ గోదారి, లంక, తోట మూడూ వచ్చేశాయి. దీనికి వరికంకి, పడవ, శంఖం, ఇంటి ఇలవేల్పు కూడా కలపమంటారు చుట్టాలు. మూడు రకాలు దాటితే దూరానికి ముద్దగా కనిపిస్తుంది, ఒప్పుకోకండి.

రంగుల నియమం ఒక్కటే, కానీ గట్టిది. పసుపు, తెలుపు ఒక జట్టు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రెండో జట్టు. ఒక జట్టు రంగు మీద అదే జట్టు రంగు వేయకూడదు. యుద్ధంలో దూరంనుంచి మనిషిని పోల్చుకోవడానికి పుట్టిన నియమం ఇది. పైన మొలక పచ్చన, అందుకే దాన్ని నీలం మీద కాకుండా పసుపు దిబ్బ హద్దులోనే ఉంచాం. ఫ్లెక్సీలు చేసే కుర్రాళ్లు అలవాటుకొద్దీ షేడింగు, మెరుపులు వేస్తారు. నిండు రంగులే కావాలని ముందే చెప్పండి.

డాలు ఆకారానికి వెడల్పు 30 సెం.మీ. అనుకోండి. పైగీత 30 గీసి, రెండు కొసల నుంచి 10 సెం.మీ. నిట్టనిలువుగా దించండి. దిగిన చోట కంపాస్ ముల్లు గుచ్చి, 30 సెం.మీ. వ్యాసార్థంతో ఎదుటి కొస నుంచి కిందికి చాపం గీయండి. రెండోవైపూ అలాగే. చాపాలు 26 సెం.మీ. కింద కలుస్తాయి, మొత్తం ఎత్తు 36. జంతువు ముఖం చూసేవారి ఎడమవైపుకి ఉండాలి. డాలు పట్టుకున్నవాడి కుడి అదే. ఫోటో తిరగేసి ప్రింటు తీస్తే జంతువు వెనక్కి తిరిగి పారిపోతున్నట్టు ఉంటుంది. ఒకటి పూర్తి సైజులో, ఒకటి 2 సెం.మీ.లో ప్రింటు తీయండి. పెద్దది ఇరవై అడుగుల దూరంనుంచి, చిన్నది చేతిలో పట్టుకుని చూసినా బొమ్మ తెలియాలి.

శుభలేఖ మీద రెండు ఇళ్ల గుర్తులూ వేయాలంటే డాలుని నిలువునా సగం చేసి, చూసేవారి ఎడమన వరుడిది, కుడిన వధువుది పెట్టాలి. పట్టీలను మధ్యగీత దగ్గర కోసేయొచ్చు గానీ బొమ్మను కోయకండి, చిన్నది చేసి పూర్తిగా ఇమడ్చండి. అన్నదమ్ములు లేని ఆడపిల్ల అయితే ఆమె పిల్లలు డాలుని నాలుగు గదులు చేసి, పైన ఎడమ, కింద కుడి గదుల్లో తండ్రివైపుది, మిగతా రెండింట్లో తల్లివైపుది వేసుకుంటారు. ఇంగ్లండు లెక్కే ఇది, మన ఇల్లరికపు ఇళ్లకి చక్కగా సరిపోతుంది.

సారె బిందెల మీద కొట్టించేటప్పుడు రంగులుండవు కదా, దానికి 17వ శతాబ్దం నుంచీ గీతల గుర్తులున్నాయి. పసుపుకి చుక్కలు, తెలుపుకి ఖాళీ, ఎరుపుకి నిలువు గీతలు, నీలానికి అడ్డగీతలు, నలుపుకి రెండూ, పచ్చకి పైన ఎడమ నుంచి కింద కుడికి ఏటవాలు గీతలు. గీతల మధ్య కనీసం ఒక మిల్లీమీటరు వదలమనండి, లేకపోతే కలిసిపోయి నీలం కాస్తా నలుపవుతుంది.

గేటుకి 2 మి.మీ. ఇనుప రేకు చాలు. వెనక బోల్టులు వెల్డింగు చేయించాకే రంగు వేయాలి, తర్వాత చేస్తే కాలిపోతుంది. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, రాత్రంతా ఆరాక ఎనామెల్ రెండు కోట్లు. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. రేకుకీ గేటుకీ మధ్య వాషర్లతో ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి, వాన నీళ్లు అక్కడ నిలిస్తేనే తుప్పు మొదలవుతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. 304 రకం స్టీలు మీదా టీ మరకల్లా వస్తాయి, 316 రకం అడగండి. ఎరుపు వాడితే ఎండకి ముందు వెలిసేది అదే, రంగు డబ్బా మీది షేడు నంబరు రాసి ఉంచుకోండి. మొదట రాసిన ఆ వాక్యాన్నీ, తేదీతో సహా, అదే కాగితం మీద రాసి ఇంటి దస్తావేజుల్లో పెట్టండి.