ఉప్పు నీళ్ళ పూల్, మూడో పాఠం: 80 శాతం అంటే ఎంత?

పోయిన పాఠంలో మీ చేత బస్తాలు మోయించాను, నడుము పట్టేసినవాళ్ళు ఈ వారం హాయిగా కూర్చోవచ్చు, ఈసారి పనంతా కాగితం మీదా టెస్ట్ కిట్ దగ్గరా. ఎక్కడ ఆగామంటే: 15,000 గ్యాలన్ల పూల్‌లో 40 పౌండ్ల ఉప్పు బస్తాలు పది వేసి 3,200 పీపీఎం దగ్గరికి తెచ్చాం, సెల్ (ఉప్పు నీళ్ళలోకి కరెంటు పంపి క్లోరిన్ తయారుచేసే పరికరం) ఆపేసి ఒక రోజంతా పంపు తిప్పాం, అడుగున పేరుకున్న ఉప్పును బ్రష్‌తో చెదరగొట్టాం. సముద్రం నీళ్ళలో దీనికి పదింతల ఉప్పు ఉంటుంది, అందుకే మన పూల్ నీళ్ళు నోట్లోకి పోయినా చప్పటి చారులా ఉంటాయి తప్ప బీచ్‌లో మింగిన నీళ్ళలా ఉండవు.

ఇప్పుడు గోడకున్న కంట్రోల్ బాక్స్ దగ్గరికి రండి. దాని మీద ఒక మీటో బటనో ఉంటుంది, సున్నా నుంచి 100 దాకా. ఈ పాఠమంతా ఆ ఒక్క అంకె గురించే, ఎందుకంటే ఉప్పు పూల్ పెట్టుకుని "అబ్బే, ఇది పనిచేయట్లేదండీ" అని తిట్టుకునే వాళ్ళలో చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

చాలామంది దాన్ని ఏసీ రిమోట్ లాగా అనుకుంటారు. 24 పెడితే గది 24కి రాగానే ఏసీ తనే తగ్గుతుంది, అలాగే ఇక్కడ 80 పెడితే క్లోరిన్‌ను ఏదో ఒక మట్టం దగ్గర అదే నిలబెడుతుందని. కాదు. ఇది మన ఊళ్ళో బోరు మోటారు బాపతు. స్విచ్ వేస్తే నీళ్ళు ఎక్కిస్తూనే ఉంటుంది, పైన ట్యాంకు నిండిందో ఎండిందో దానికి పట్టదు, పొంగి పక్కింటివాళ్ళు అరిచేదాకా మనకీ తెలియదు. ఇళ్ళలో పెట్టే మామూలు సెల్స్‌లో నీళ్ళలోని క్లోరిన్‌ను కొలిచే సాధనమేదీ ఉండదు. అవి చూసేది ఉప్పు, నీటి వేడి, ప్రవాహం, అంతే. 80 శాతం అంటే పంపు తిరుగుతున్న సమయంలో నూటికి 80 పాళ్ళు సెల్‌లోకి కరెంటు వెళ్తుంది, మిగతా 20 పాళ్ళు ఊరికే కూర్చుంటుంది. పంపు ఆగితే ఆ 80కి అర్థమే లేదు.

నేను ఇది నేర్చుకున్న తీరు చెప్తాను, నవ్వుకోండి. మేము ఉండేది డల్లాస్ దగ్గర. ఏప్రిల్‌లో మీట 50 మీద పెట్టాను, పంపు రోజుకు ఎనిమిది గంటలు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఇక దాన్ని ముట్టుకోలేదు. జూన్‌లో మేనకోడలి పెళ్ళికి ఇండియా వెళ్ళి మూడు వారాలకు తిరిగొచ్చాం. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి, కాఫీ కప్పుతో పెరట్లోకి వెళ్ళి లైటు వేస్తే, పూల్ నాచు పట్టి అచ్చం గోంగూర పప్పు రంగులో ఉంది. పక్కన బాక్స్ మీద మాత్రం పచ్చ లైటు నిశ్చింతగా వెలుగుతోంది, అంతా సవ్యంగా ఉందన్నట్టు. అది అబద్ధం చెప్పలేదు, సెల్ నిజంగానే క్లోరిన్ తయారుచేస్తోంది, కాకపోతే ఏప్రిల్‌కు సరిపడా. జూన్ ఎండ తినేది దానికంటే చాలా ఎక్కువ. వారం రోజులు బ్రష్ కొట్టి, లిక్విడ్ క్లోరిన్ డబ్బాలు పోసి బాగుచేశాను. ఈలోగా ఒక పూల్ షాపులో నాకు నాచు తినే ఫాస్ఫేట్లను పోగొట్టే మందు సీసా ఒకటి అంటగట్టారు, అది ఇప్పటికీ గరాజ్‌లో మూత తీయకుండా ఉంది. నాచుకు తిండి లేకుండా చేయడం కంటే దాన్ని చంపేంత క్లోరిన్ ఉంచడం సులువు, నా మాట నమ్మండి.

సరే, లెక్క. భయపడకండి, హెచ్చవేతలూ భాగహారాలూ తప్ప ఏమీ లేవు.

మీ సెల్ పెట్టె మీదో మాన్యువల్‌లోనో అది రోజుకు ఎన్ని పౌండ్ల క్లోరిన్ తయారుచేస్తుందో రాసి ఉంటుంది. "40,000 గ్యాలన్ల వరకు" అన్న పెద్దక్షరాలు చూడకండి, అది అమ్మకం కోసం. చిన్నక్షరాల్లో ఉన్న పౌండ్లు చూడండి. ఇక్కడ 1.4 పౌండ్లు అనుకుందాం. అది 24 గంటలూ, 100 శాతం మీద నడిస్తే వచ్చే అంకె.

ఇక మన నీళ్ళు. గ్యాలన్ బరువు 8.34 పౌండ్లు, 15,000 గ్యాలన్లంటే 1,25,100 పౌండ్ల నీళ్ళు. పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు, కాబట్టి ఈ పూల్‌లో 1 పీపీఎం క్లోరిన్ అంటే 0.125 పౌండు, అంటే పౌండులో ఎనిమిదో వంతు. రాసుకోండి, మీ పూల్‌కి ఈ ఒక్క అంకె తెలిస్తే చాలు, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

పంపు ఎనిమిది గంటలు తిరిగితే 1.4లో మూడో వంతు, అంటే సుమారు 0.47 పౌండు. మీట 80 మీద ఉంటే అందులో నూటికి 80, అంటే 0.37. దాన్ని 0.125తో భాగిస్తే దాదాపు 3. అంటే ఎనిమిది గంటలు, 80 శాతం మీద మీ సెల్ రోజుకు 3 పీపీఎం క్లోరిన్ ఇస్తుంది. నా ఏప్రిల్ సెట్టింగు, అదే ఎనిమిది గంటలు, 50 శాతం, ఇదే లెక్కన రోజుకు రెండుకు కొంచెం తక్కువే ఇస్తుంది. జూన్‌లో మా పూల్ రోజుకు నాలుగు దాకా తింటోంది. ఇంకేముంది, గోంగూర పప్పు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అదే 3 పీపీఎం కావాలంటే మీట 40 మీద పెట్టి పంపును 16 గంటలు తిప్పినా వస్తుంది, సెల్‌కు రెండూ ఒకటే, కరెంటు బిల్లుకు మాత్రం కాదు. పాత సింగిల్ స్పీడ్ పంపు ఉన్నవాళ్ళు గంటలు తగ్గించి శాతం పెంచుకోవాలి. వేరియబుల్ స్పీడ్ పంపు ఉంటే నెమ్మదిగా, ఎక్కువ గంటలు తిప్పడం లాభం. అయితే మరీ నెమ్మది పనికిరాదు, నీళ్ళు చాలినంత పారకపోతే ఫ్లో స్విచ్ సెల్‌ను ఆపేస్తుంది, ఆపాలి కూడా. ఆ స్విచ్ విసిగిస్తోందని వైరు కలిపేసి దాన్ని తప్పించే ఘనులు ఉన్నారు, ఆ పని మాత్రం చస్తే చేయకండి. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠంలో క్లోర్-ఆల్కలీ ప్రక్రియ చదివాం కదా, ఉప్పు నీళ్ళలోకి కరెంటు పంపితే ఒక వైపు క్లోరిన్, ఇంకో వైపు హైడ్రోజన్. మన సెల్‌లో జరిగేది అదే. నీళ్ళు కదలకుండా కరెంటు వెళ్తే ఆ హైడ్రోజన్ పైపులోనే పోగవుతుంది, అది పేలే వాయువు.

ఇవ్వడం తెలిసింది, ఇప్పుడు మీ పూల్ రోజుకు ఎంత తింటుందో తెలియాలి. దీన్ని ఏ మాన్యువలూ చెప్పదు, మీరే కొలవాలి. ఒక మామూలు ఎండ రోజు చూసుకుని, క్లోరిన్ 6 చుట్టుపక్కల ఉన్నప్పుడు, సాయంత్రం ఎనిమిదింటికి కొలిచి సెల్‌ను సున్నా చేయండి. పంపు మామూలుగానే తిరగనివ్వండి. మర్నాడు సూర్యుడు రాకముందే ఒకసారి, మళ్ళీ సాయంత్రం ఎనిమిదింటికి ఒకసారి కొలవండి. రెండు సాయంత్రాలకూ మధ్య తేడాయే మీ రోజువారీ ఖర్చు. మధ్యలో తెల్లవారుజామున ఎందుకంటే, రాత్రి ఎండ ఉండదు కనుక క్లోరిన్ తగ్గితే దాన్ని ఏదో తింటున్నట్టు. ఒకటి లోపు తగ్గితే పర్లేదు. అంతకంటే ఎక్కువ తగ్గిందంటే కంటికి కనపడకుండా నాచు మొదలైందన్నమాట, అప్పుడు మీట తిప్పి లాభం లేదు, ముందు దాని సంగతి చూడాలి.

కొలవడం అంటే రంగు కాగితపు పట్టీలు కాదు. ఆ పట్టీ మీద 3కీ 5కీ మధ్య రంగు తేడా కనిపెట్టాలంటే చీరల షాపులో పనిచేసి ఉండాలి. చుక్కల కిట్ కొనండి, టేలర్ కె-2006 లాంటిది. దాని గొట్టంలో 10 మిల్లీలీటర్ల పూల్ నీళ్ళు, మోచేయి లోతు నుంచి తీసినవి, పైన తేలేవి కాదు. చిన్న చెంచాతో పొడి రెండు సార్లు వేసి తిప్పితే బీట్‌రూట్ ముక్క పడినట్టు గులాబీ రంగు తిరుగుతుంది. ఇక సీసాను నిటారుగా పట్టుకుని ఒక్కో చుక్క వేయడం, గొట్టం తిప్పడం, లెక్కపెట్టడం. తొమ్మిది, పది, రంగు పలచబడుతుంది, పదకొండు, ఇంకా లీలగా ఉంది, పన్నెండో చుక్కకి తెల్లగా నీళ్ళలా అయిపోతుంది. చుక్కకి అర, పన్నెండు చుక్కలంటే 6 పీపీఎం. సీసా వంచి పట్టుకుంటే చుక్క సైజు మారి లెక్క తప్పుతుంది. మా చిన్నదానికి ఇది ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన పని, లెక్కపెట్టడం దానిదే, నాది సీసా పట్టుకోవడం వరకే.

మీ రోజువారీ ఖర్చు 4, 5 దాటుతుంటే మీట తిప్పే ముందు స్టెబిలైజర్ చూడండి. సైనూరిక్ యాసిడ్ అంటారే, అది. ఇది నీళ్ళలోని క్లోరిన్‌కు గొడుగు. అసలు లేకపోతే నడి ఎండలో గంట తిరక్కుండానే సగం క్లోరిన్ ఆవిరైనట్టు పోతుంది. టాబ్లెట్లు వాడేవాళ్ళకి ఆ టాబ్లెట్ల నుంచే స్టెబిలైజర్ చేరుతుంది, చేరి చేరి ఎక్కువైపోతుంది కూడా. మనకి అలా కాదు, సెల్ ఇచ్చేది ఉత్త క్లోరిన్, కాబట్టి వానకు పూల్ పొంగి పోయిన స్టెబిలైజర్ తిరిగి రాదు, మనమే వేయాలి. ఉప్పు పూల్‌కి స్టెబిలైజర్ 60 నుంచి 80 పీపీఎం మధ్య ఉంచుతాం, 70 దగ్గర ఉంటే క్లోరిన్ 5 చుట్టూ తిరుగుతుండాలి. ఆ జూన్‌లో నేను కొలిస్తే నాది 30, వసంతం వానలకు కొట్టుకుపోయింది, అందుకే అంత తిండి. పొడిని పాత సాక్సులో పోసి నీళ్ళు వచ్చే రిటర్న్ ముందు వేలాడదీసి అప్పుడప్పుడు పిసకండి. వారం దాకా టెస్ట్‌లో పూర్తిగా కనపడదు, తొందరపడి రెండోసారి వేశారో, ఎక్కువైతే నీళ్ళు పారబోయడం తప్ప దారి లేదు.

చుట్టాలొచ్చి పదిహేను మంది పిల్లలు పూల్‌లో దూకిన రోజున బాక్స్ మీద ఉన్న బూస్ట్ బటన్ నొక్కాలనిపిస్తుంది. అది మీటను 100 చేస్తుంది, అంతకంటే ఏమీ లేదు. 10 శాతం లిక్విడ్ క్లోరిన్ ఒక గ్యాలన్ ఈ పూల్‌కి దాదాపు 6.7 పీపీఎం ఇస్తుంది, అదే అంత ఇవ్వడానికి మన సెల్ 100 మీద 14 గంటలకు పైగా తిరగాలి. ఆ డబ్బా పోయండి, సెల్‌ను దాని రోజువారీ పని దాన్ని చేసుకోనివ్వండి. ఉప్పు పూల్ పెట్టుకున్నాక చేత్తో క్లోరిన్ పోయడం నామోషీ అనుకునేవాళ్ళని చూశాను, ప్రెషర్ కుక్కర్ కొన్నాక గిన్నెలో వండకూడదని ఎవరైనా అన్నారా?

చలికాలం గురించి ఒక్క హెచ్చరిక. అక్టోబరు నుంచి ఖర్చు తగ్గుతుంది, మీట తగ్గిస్తూ రావాలి, నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వెళ్తే చాలా సెల్స్ పని ఆపేస్తాయి, అప్పుడు లిక్విడ్ క్లోరిన్ కొంచెం కొంచెం పోసుకుంటే సరి. అసలు చిక్కు వేరే ఉంది. చల్లటి నీళ్ళలో కరెంటు తక్కువ పారుతుంది, దాంతో బాక్స్ ఉప్పు తక్కువైందని చూపించవచ్చు. నవంబరులో ఆ లైటు చూసి నాలుగు బస్తాలు తెచ్చి పోశారో, మార్చిలో నీళ్ళు వెచ్చబడ్డాక ఎక్కువ ఉప్పని గోల చేస్తుంది. ఉప్పు ఊరికే ఖర్చు కాదు, క్లోరిన్ పని చేశాక మళ్ళీ ఉప్పుగానే మారుతుంది, పోయేదల్లా పొంగినప్పుడూ లీకైనప్పుడూ ఫిల్టరు కడిగినప్పుడూ పోయే నీళ్ళతోనే. కాబట్టి బాక్స్ ఏం చెప్పినా విడిగా కొలవకుండా ఒక్క బస్తా కూడా వేయకండి. విడిగా కొలిస్తే 3,200 ఉండి బాక్స్ 2,500 చూపిస్తుంటే తప్పు ఉప్పుది కాదు, సెల్‌కు సున్నం పట్టడమో దాని ఆయుష్షు తీరడమో. హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లో బోరు నీళ్ళతో పూల్ నింపుకున్న వాళ్ళకి ఈ సున్నం బాధ మనకంటే తొందరగా వస్తుంది.

ఈ వారం పని: పైన చెప్పిన మూడు కొలతలు ఒక రోజు, ఆ తర్వాత మీ లెక్క ప్రకారం మీట పెట్టి ఐదు రోజులు వరసగా సాయంత్రం ఎనిమిదింటికే కొలత. క్లోరిన్ పైకి పాకుతుంటే 10 తగ్గించండి, కిందికి జారుతుంటే 10 పెంచండి, రోజూ తిప్పకండి, కనీసం మూడు రోజులు ఆగి చూడండి. పీహెచ్ కూడా రాసుకోండి, దాని మీద మీరేమీ చేయకపోయినా అది పైకి ఎక్కుతుంటుంది, 7.8 దాటితే రాసి పెట్టుకుని ఇంట్లో మ్యూరియాటిక్ యాసిడ్ (అదే హైడ్రోక్లోరిక్ యాసిడ్) ఉందో లేదో చూసుకోండి. నాలుగో పాఠంలో ఆ యాసిడ్‌తో రెండు పనులున్నాయి, పీహెచ్ దించడం, సెల్ విప్పి సున్నం కడగడం. చేతి గ్లోవ్స్, కళ్ళద్దాలు, ఒక ప్లాస్టిక్ బకెట్ సిద్ధంగా పెట్టుకోండి.