చెరువు మోటారు కాలిపోకుండా ఆపిన లెక్క (నా అనుభవం)

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మా రొయ్యల చెరువులో ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ ఏరేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) మోటారు పదినిమిషాలకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. కెపాసిటర్ మార్చాను, బేరింగులు మార్చాను, వైండింగ్ రెండుసార్లు కట్టించాను. ఏం లాభం లేదు.

చివరికి ఓ రాత్రి టెన్షన్ భరించలేక, మోటారు తిరుగుతుండగానే కొలిపించాను. ఇదే ముఖ్యం. ఆపి కొలిస్తే రెండు చోట్లా వోల్టేజి ఒకేలా కనిపించి మోసం చేస్తుంది. షెడ్డులో మీటరు దగ్గర 228 వోల్టులు, గట్టు మీద మోటారు దగ్గర 192. టంగ్ టెస్టర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) కరెంటు 9 ఆంపియర్లు.

దారిలో పోయింది 36 వోల్టులు. 36ను 9తో భాగిస్తే వైరు నిరోధం 4 ఓములు. 36ను 9తో గుణిస్తే 324 వాట్లు. అంత విద్యుత్తుతో గట్టుమీద వైరును వేడి చేస్తున్నానన్నమాట, బిల్లు కట్టి మరీ!

వేసింది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. దూరం 165 మీటర్లు, రానూపోనూ 330. దాని బదులు 6 చదరపు మిల్లీమీటర్లది వేయించాను. నిరోధం ఒక ఓముకు దిగింది, మోటారు దగ్గర 221 వోల్టులు వచ్చాయి, కరెంటు 7కి తగ్గింది. ఖర్చు మాత్రం గట్టిగానే అయింది.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. మీటరు దగ్గరే వోల్టేజి తక్కువుంటే వైరు మార్చినా ఉపయోగం ఉండదు. ఇంకోటి, ఈ భాగహారం వైరుకే సరిపోతుంది. ఏసీ మోటారుకు పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటు ఒకే లయలో నడవకపోవడం వల్ల వచ్చే తేడా) కూడా ఉంటుంది కాబట్టి దానికి నేరుగా వాడకండి. తడి గట్టు మీద కొలత ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.