ఓవర్‌క్లాక్ నిలబడట్లేదా? ముందు బోర్డు, ఆ తరువాత గది

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని (సీపీయూని) కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా పరుగెత్తించడం. అలా చేశాక సీపీయూ కాస్త తడబడితే చాలు, బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్ళి వోల్టేజ్ ఒక మెట్టు పెంచేసేవాళ్ళు మనలో ఎక్కువ. ఎక్కడో 22 డిగ్రీల ఏసీ గదిలో తీసిన వీడియోలో అంకెలు చూసి, మే నెలలో మధురవాడలో పై అంతస్తు గదిలో ఉన్న కంప్యూటర్‌కి అవే ఎక్కిస్తే ఎలా నిలబడతాయి? గది వేడి పన్నెండు డిగ్రీలు పెరిగితే సీపీయూ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. వైజాగ్‌లో వోల్టేజ్ జోలికి ఆఖర్న వెళ్ళాలి. దానికంటే ముందు చూసుకోవాల్సినవి మదర్‌బోర్డు, గాలి, ఎర్తింగ్, సముద్రపు ఉప్పు.

"బయోస్‌లో మల్టిప్లయర్ కదలట్లేదన్నా"

మల్టిప్లయర్ అంటే సీపీయూ వేగాన్ని నిర్ణయించే గుణకం. అది కదలకపోతే ఏదీ చెడిపోలేదు. మీరు కొన్న ప్రాసెసర్, బోర్డు జోడీయే అంత. ఇంటెల్‌లో అయితే పేరు చివర కే లేదా కేఎఫ్ ఉన్న ప్రాసెసర్ కావాలి, దానికి జెడ్690, జెడ్790 లాంటి జెడ్ చిప్‌సెట్ ఉన్న బోర్డు తోడవ్వాలి. బీ660, బీ760 బోర్డుల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గానీ సీపీయూ మల్టిప్లయర్ పెరగదు. హెచ్610లో ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ కూడా లేదు. ఏఎండీ ఈ విషయంలో నయం. డెస్క్‌టాప్ రైజెన్‌లు చాలావరకు అన్‌లాక్ అయ్యే వస్తాయి, బీ450, బీ550, బీ650 బోర్డులు సరిపోతాయి. ఏ320, ఏ520, ఏ620 మాత్రం ఒప్పుకోవు. 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీ కొన్నవాళ్ళకి ఏ బోర్డు పెట్టినా మల్టిప్లయర్ లాకే.

పరిష్కారం బోర్డు మార్చడమే అనుకోకండి. ఓవర్‌క్లాక్ కోసమే బీ760 అమ్మి జెడ్790 కొనడం దండగ. ఆ డబ్బు వేసి పై మెట్టు ప్రాసెసర్ తీసుకుంటే ఏ సెట్టింగూ ముట్టకుండానే ఎక్కువ వేగం వస్తుంది. ఇంకా కొననివాళ్ళు ద్వారకానగర్‌లో షాపుకి వెళ్ళినప్పుడు రంగుల లైట్లు పక్కన పెట్టి చిప్‌సెట్ ఏదో, వీఆర్‌ఎం (సీపీయూకి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద హీట్‌సింక్ ఉందో లేదో, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో అడగండి. ఆ బటన్ ఎందుకంటే, పాత స్టాకు బీ450 మీద రైజెన్ 5000 గానీ, పాత బీ660 మీద 13వ తరం ఇంటెల్ గానీ పెడితే బయోస్ అప్‌డేట్ అయ్యేదాకా తెర రాదు. బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో పని అయిపోతుంది.

"ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను, తెర నల్లగా ఉండిపోయింది"

ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ని దాని ప్యాకెట్ మీద ఉన్న వేగానికి ఎక్కించే సెట్టింగ్. అది ఆన్ చేశాక ముందు కాసేపు ఆగండి. డీడీఆర్5 బోర్డులు, ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 సాకెట్‌వి, ర్యామ్ సెట్టింగ్ మారిన మొదటిసారి మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌తో తాళం కుదుర్చుకోవడం) చేసుకుంటాయి. కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో కంగారుపడి పవర్ తీసేస్తే కథ మళ్ళీ మొదటికి.

అయినా రాకపోతే బోర్డు మీద చిన్న లైట్లు చూడండి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు ఉంటాయి. డీర్యామ్ దగ్గర ఆగిపోతే ర్యామ్ ఏ స్లాట్లలో ఉందో చూడాలి. రెండు ర్యామ్ కర్రలే ఉంటే సీపీయూ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్. నాలుగు కర్రలు పెట్టి ప్యాకెట్ మీద ఉన్న వేగం రావాలంటే చాలాసార్లు కుదరదు, ఒక మెట్టు దించాల్సి వస్తుంది. వేరు వేరు కిట్లు కలిపి పెడితే మరీ కష్టం. బయోస్‌లోకే వెళ్ళలేకపోతే ప్లగ్ పీకేసి, సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలాగి పెట్టండి, లేదా మాన్యువల్‌లో చూపిన క్లియర్ సీమోస్ పిన్నులు కలపండి.

ఏఎం5 వాళ్ళకి ఒక మాట: ఎక్స్‌పో (ఏఎండీ వైపు ఎక్స్‌ఎంపీ లాంటిది) ఆన్ చేసే ముందే బయోస్ కొత్తది వేయండి. 2023లో కొన్ని ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే మాడిపోయాక ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజ్‌ని (సీపీయూలో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి వెళ్ళేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టేసింది. అంతకు ముందు బయోస్‌లో ఆ కట్టు లేదు.

"మొదట బాగానే ఆడుతుంది, తరువాత ఎఫ్‌పీఎస్ సగానికి పడిపోతుంది"

ఎఫ్‌పీఎస్ అంటే గేమ్ సెకనుకి చూపించే ఫ్రేముల లెక్క. మన ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. సీపీయూ వేడి చూస్తే 75 దగ్గరే ఉంటుంది, క్లాక్ (నడిచే వేగం) మాత్రం దిగిపోతుంది. కూలర్ బాలేదని కొత్త కూలర్ కొంటారు. అయినా అదే తంతు.

వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి వీఆర్‌ఎం లేదా మోస్ అని ఉన్న వరుస చూడండి. పన్నెండు వోల్టులను సీపీయూకి కావలసిన ఒక వోల్టు చిల్లరకి దించే భాగం అది, సాకెట్ పక్కన వరుసగా ఉంటుంది. అది 100 దాటి ఎగబాకుతుంటే బోర్డు తన్ను తాను కాపాడుకోవడానికి సీపీయూని నెమ్మది చేస్తుంది. చవక బోర్డుల్లో దాని మీద హీట్‌సింకే ఉండదు, కొన్నింటిలో వేడి చూపించే సెన్సరూ ఉండదు. అలాంటప్పుడు పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ ఆ వైపు తిప్పి అదే గేమ్ ఆడించండి. ఎఫ్‌పీఎస్ నిలబడితే దొంగ దొరికినట్టే.

ఇందులో ఒక తమాషా ఉంది. పెద్ద ఏఐఓ వాటర్ కూలర్ పెట్టాక ఈ సమస్య మొదలైందనేవాళ్ళు ఉన్నారు. కిందికి గాలి ఊదే మామూలు కూలర్ తీసేయగానే వీఆర్‌ఎం మీద వీచే గాలి కూడా పోయింది మరి. సీపీయూ చల్లబడింది, దాని పక్కింటివాడు ఉడికిపోయాడు. వెనకాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి, పైన రేడియేటర్ ఫ్యాన్లు గాలి బయటికి తోసేలా తిప్పండి. హీట్‌సింక్ విప్పే అవకాశం ఉంటే థర్మల్ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర మిగిలిపోయిందేమో చూడండి, ఆ పొర తీయకుండా బిగించిన బోర్డులూ ఉంటాయి. వన్‌టౌన్ వైపు ఇళ్ళలో అయితే ఫిల్టర్ మీద పేరుకునే నల్ల దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. నెలకోసారి బ్లోయర్ కొట్టాలి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోవాలి.

ఇంతా చేసి దిగకపోతే బయోస్‌లో పవర్ లిమిట్ తగ్గించండి. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ (సీపీయూకి ఇచ్చే వోల్టేజ్‌ని తగ్గించే సెట్టింగ్) మైనస్ 10 నుంచి మొదలుపెట్టి కిందికి వెళ్ళండి. నా మట్టుకు మన వాతావరణంలో వోల్టేజ్ పెంచే ఓవర్‌క్లాక్ కంటే ఇది మేలు. రైజెన్ 7000 చిప్ 95 డిగ్రీల దగ్గర నిలిచి ఉంటే మాత్రం భయపడకండి, దాన్ని తయారు చేసిన తీరే అది.

"సినీబెంచ్ పాసయింది, గేమ్‌లో నీలం తెర"

సీపీయూ మీద భారం వేసి మార్కులిచ్చే సినీబెంచ్ ప్రోగ్రామ్ ఒక్క రౌండు తిరగడం పరీక్ష కాదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల చిట్టా) ఎర్రర్లు ఉంటే కోర్ వోల్టేజ్ చాలట్లేదని, లేదా కర్వ్ మరీ కిందికి లాగారని అనుమానించాలి. నీలం తెర మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే ముందు ర్యామ్ చూడాలి. ఒకటి ఆపి ఒకటి పరీక్షించండి: ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి సీపీయూ మీద ఓసీసీటీ పరీక్ష, తరువాత సీపీయూ మామూలుగా ఉంచి రాత్రంతా ర్యామ్ మీద మెమ్‌టెస్ట్86. డిసెంబరులో పాసైన సెట్టింగ్ మే మధ్యాహ్నం ఏసీ లేకుండా మళ్ళీ పాసవ్వాలి. అప్పుడే అది మీది.

13, 14 తరాల ఐ7, ఐ9 ఉన్నవాళ్ళు ఏ ఓవర్‌క్లాకూ లేకుండానే క్రాష్ అవుతుంటే బోర్డుని తిట్టకండి. ఆ చిప్‌లు ఎక్కువ వోల్టేజ్ అడిగి అరిగిపోతున్నాయని తేలాక 2024 ఆగస్టులో, సెప్టెంబరులో ఇంటెల్ మైక్రోకోడ్ మార్పులు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. ఆ మార్పులున్న కొత్త బయోస్ వేయండి. వేశాకా ఆగకపోతే చిప్ అప్పటికే దెబ్బతిన్నట్టు, వారంటీలో మార్పించుకోవాలి.

"క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, కరెంటు పోతే యూపీఎస్ ఉన్నా రీస్టార్ట్"

జివ్వుమంటే ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) ఫిల్టర్ కెపాసిటర్లు లీకేజీని ఎర్త్‌కి పంపాలి. ఎర్త్ తీగ ఉత్తదైతే అది బాడీ మీదే నిలుస్తుంది. బీచ్ దగ్గర ఇసుక నేలల్లో వేసవికి ఎర్త్ గుంత ఎండిపోతుంది. నీళ్ళు పోసి, ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించండి. అంతవరకు క్యాబినెట్ విప్పి లోపల చెయ్యి పెట్టొద్దు.

యూపీఎస్ విషయానికొస్తే, 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. ఓవర్‌క్లాక్ చేసిన సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు కలిస్తే గేమ్‌లో అంతకు మించి లాగేస్తాయి. పైగా యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని, నకిలీ సైన్ వేవ్ (నునుపుగా కాక మెట్లు మెట్లుగా ఉండే కరెంటు అల) ఇచ్చే చవక యూపీఎస్ మీదికి మారగానే పడిపోతాయి. ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి.

"ఏమీ మార్చలేదు, ఉన్నట్టుండి ఒక ర్యామ్ కనిపించట్లేదు"

లాసన్స్ బే కాలనీలో బాల్కనీ తలుపు పక్కనే పెట్టిన క్యాబినెట్ ఒకటి విప్పితే వెనక స్క్రూలు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి, ర్యామ్ బంగారు పూత కాళ్ళ మీద సన్నటి గోధుమ రంగు చుక్కలున్నాయి. సముద్రపు గాలిలో ఉప్పు, తేమ కలిసి చేసే పని ఇది. రబ్బరుతో రుద్దడం మన రిపేర్ల అలవాటు, అప్పటికప్పుడు పని చేస్తుంది కూడా. కానీ రుద్దిన ప్రతిసారీ పూత కాస్త అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలు రాలని గుడ్డ తడిపి తుడవండి, పూర్తిగా ఆరాక స్లాట్‌లో రెండుమూడు సార్లు పెట్టి తీయండి. కంప్యూటర్‌ని కిటికీకి దూరంగా, నేలకి ఎత్తుగా జరపండి. నెలల తరబడి ఆపేసి ఉంచడం కంటే అప్పుడప్పుడు నడపడమే మంచిది, ఆ వెచ్చదనానికి తేమ నిలవదు. ఏసీ గదిలోంచి తెచ్చి వరండాలో పెట్టిన వెంటనే మాత్రం ఆన్ చేయొద్దు.

శుభ్రం చేసినా, కర్రల్ని మార్చి మార్చి పెట్టినా అదే స్లాట్ పలకకపోతే సీపీయూ తీసి సాకెట్ పిన్నులు చూడండి (బీ450, బీ550 బోర్డుల్లో అయితే పిన్నులు సీపీయూకే ఉంటాయి). ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే వంగిన పిన్ను వెలుగులో తేడాగా కనిపిస్తుంది. బోర్డు వారంటీకి పంపాల్సి వస్తే పంపే ముందు సాకెట్ ఫోటోలు తీసి పెట్టుకోండి, ఎందుకంటే తుప్పునీ వంగిన పిన్నుల్నీ వారంటీ సాధారణంగా ఒప్పుకోదు. సాకెట్‌కి ప్లాస్టిక్ మూత వచ్చిన బోర్డైతే అది బిగించే పంపాలి, అది లేకపోతే కొన్ని కంపెనీలు బోర్డే తీసుకోవు.