అన్ని వైపులా పాడే స్పీకర్ – 3వ పాఠం: బొంగరం ఎంత ఎత్తున?

మొదటి రెండు పాఠాలు పూర్తి చేసినవాళ్ల గదిలో ఈపాటికి ఓ పైపు నిలబడి ఉంటుంది. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, 60 సెంటీమీటర్ల ఎత్తు, అడుగున మూత, పైన ఆకాశం వైపు మొహం పెట్టిన 4 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్, అంటే బేస్ నుంచి సన్నటి శబ్దాల దాకా అన్నీ ఒక్కటే పలికించే స్పీకర్ యూనిట్. లోపలి గాలి సుమారు 5 లీటర్లు. పాలిస్టర్ దూది కూరే పని వాయిదా వేసినవాళ్లుంటే ముందు అది చేయండి. రెండు చివరలా మూసిన 60 సెంటీమీటర్ల గొట్టం 286 హెర్ట్జ్ దగ్గర ఊళ పెడుతుంది. పాడేవాళ్ల గొంతు తిరిగేది ఆ చుట్టుపక్కలే కాబట్టి ఆ ఊళ ప్రతి పాటకూ అంటుకుంటుంది.

ఇప్పుడు ఉన్నదున్నట్టు ఓ పాట పెట్టి వినండి. గొంతు, బేస్ గదిలో బాగానే పరుచుకుంటాయి. సింబల్స్ (డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి పళ్లేలు) గలగల మాత్రం పైకప్పులోంచి వస్తున్నట్టు ఉంటుంది. కారణం అలల పొడవు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 100 హెర్ట్జ్ అల పొడవు మూడున్నర మీటర్లకు కాస్త తక్కువ. అంత పెద్ద అలకు మన డ్రైవర్‌లో ఊగే చిన్న గరాటు, అంటే కోన్, ఎటు తిరిగి ఉందన్నది లెక్కే కాదు, నలువైపులా వెళ్లిపోతుంది. 4 అంగుళాల డ్రైవర్‌లో నిజంగా కదిలే కోన్ వెడల్పు 8 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. అల పొడవు ఆ కొలతకు దిగేది 4,300 హెర్ట్జ్ దగ్గర. శబ్దం అంతకు చాలా ముందే ముడుచుకోవడం మొదలుపెట్టి, అక్కడికొచ్చేసరికి టార్చిలైటు వెలుగులా తిన్నగా పైకి పోతుంది. ఆ వెలుగును పక్కలకు మళ్లించడమే ఈ పాఠం పని.

దీనికి ఇంకో దారి కూడా ఉంది. స్పీకర్ల డిజైనర్ సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ తన ప్లూటో స్పీకర్‌లో ఇలాంటి పైపే వాడి, ట్రెబుల్‌ను (సన్నటి పై శబ్దాలను) మాత్రం వినేవాళ్ల వైపు తిరిగిన చిన్న డ్రైవర్‌కు అప్పగించారు. మంచి పద్ధతే. కానీ దానికి ఏ శబ్దం ఏ డ్రైవర్‌కు వెళ్లాలో విడదీసే క్రాసోవర్ కావాలి, స్పీకర్‌కు రెండేసి యాంప్లిఫయర్లు కావాలి. మొదటిసారి చేసేవాళ్లకు అంత టెన్షన్ వద్దు. మనం డ్రైవర్ మీద ఓ బొంగరం వేలాడదీద్దాం.

నిజంగానే బొంగరం ఆకారం. ములుకు కిందికి, వెడల్పు పైకి. పక్కలు 45 డిగ్రీల వాలు, పైన వెడల్పు 12 సెంటీమీటర్లు, కాబట్టి ఎత్తు 6 సెంటీమీటర్లు. తిన్నగా పైకొచ్చిన ట్రెబుల్ ఆ వాలుకు తగిలి అడ్డంగా, అన్ని వైపులకూ మళ్లుతుంది. తనకన్నా పెద్ద అలలను ఇంత చిన్న వస్తువు ఆపలేదు. వాటిని ఆపాల్సిన పనీ లేదు, అవి ముందే నలువైపులా పోతున్నాయి. చెక్కతో చేయించుకున్నా, త్రీడీ ప్రింటర్‌లో తీసినా సరే. అట్టతో గరాటు చుట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసినా చాలు. బోలుగా మాత్రం వదలొద్దు, డబ్బాలా మోగుతుంది. పైపు అంచున మూడు సన్నటి మర చువ్వలు నిలబెట్టి, ఒక్కో చువ్వకు కింద ఒకటి, పైన ఒకటి నట్లు పెట్టి బొంగరాన్ని బిగించండి. అప్పుడు కావాలంటే పైకీ కిందికీ జరుపుకోవచ్చు.

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పాలి. మొదటి జతకు నేను చువ్వలు పెట్టలేదు. కళ్లకు బాగున్న ఎత్తులో జిగురేసి అతికించేశాను. గొంతులన్నీ కుండలోంచి మాట్లాడినట్టు వచ్చాయి. రెండు రోజులు యాంప్లిఫయర్‌ను తిట్టుకుని, చివరికి సుత్తి తీసుకుని బొంగరాన్ని పగలగొట్టాను.

ఎత్తులో సెంటీమీటరు తేడాకు ఇంత గొడవ ఎందుకంటే, చెవికి రెండు శబ్దాలు అందుతాయి. కోన్ నుంచి నేరుగా పక్కకు వచ్చేది ఒకటి, బొంగరానికి తగిలి వచ్చేది ఒకటి. రెండోదాని దారి 5 సెంటీమీటర్లు ఎక్కువైతే, 3,430 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అక్కడ గుంట పడుతుంది. బొంగరం పైకి జరిగేకొద్దీ ఆ గుంట కిందికి జరుగుతుంది. మరీ కిందికి దింపితే బొంగరానికీ కోన్‌కూ మధ్య గాలి చిక్కుకుని కుండ గొంతు వస్తుంది. మరీ పైకెత్తితే ట్రెబుల్ పక్కల నుంచి తప్పించుకుని మళ్లీ పైకప్పుకే పోతుంది.

కాబట్టి కూర్చున్నప్పుడు మీ చెవి ఎంత ఎత్తులో ఉంటుందో చూసి, డ్రైవర్ దాదాపు ఆ ఎత్తుకు వచ్చేలా పైపును పీట మీద పెట్టండి. ఒక్క స్పీకరే పెట్టండి, రెండూ వద్దు. ములుకు డ్రైవర్ అంచు మట్టానికి 5 మిల్లీమీటర్ల పైన ఉండేలా మొదలుపెట్టి, పింక్ నాయిస్ (అన్ని స్థాయిల శబ్దాలూ కలిసిన పరీక్ష హోరు) మోగిస్తూ మీటరున్నర దూరంలో చుట్టూ తిరగండి. ఆ నాయిస్ వానలా వినిపించాలి, ఏ మూల నుంచి విన్నా అదే వాన. మధ్యలో 'ఊ' అనో 'ఆ' అనో అచ్చు పలికినట్టుంటే అది గుంటో గుట్టో. 5 మిల్లీమీటర్లు పైకి జరిపి మళ్లీ తిరగండి. అలా 4 సెంటీమీటర్ల దాకా వెళ్లి, బాగున్న రెండు మూడు ఎత్తులు రాసుకోండి. ఆ తర్వాత మీకు బాగా తెలిసిన మనిషి మాట్లాడిన రికార్డింగు పెట్టండి. గొంతు విషయంలో చెవిని మోసం చేయడం కష్టం, తుది తీర్పు దానిదే.

ఆకాశం వైపు చూస్తున్న కోన్ సొంత బరువుకే కుంగిపోదా అని చాలామందికి అనుమానం. లెక్క చిన్నదే. కుంగుబాటు డ్రైవర్ రెజొనెన్స్ మీద, అంటే కోన్ తనంతట తాను ఊగే సహజ వేగం మీద ఆధారపడుతుంది. 80 హెర్ట్జ్ డ్రైవర్ కుంగేది మిల్లీమీటరులో పాతికో వంతు. 20 హెర్ట్జ్ వూఫర్ (బేస్ కోసం చేసిన డ్రైవర్) అయితే 0.6 మిల్లీమీటర్లు. మన డ్రైవర్‌కు దిగులు లేదు. అసలు శత్రువు దుమ్ము, వాడనప్పుడు గుడ్డ కప్పండి.

గది గురించి ఇప్పటికి ఒక్క మాట. పైపును గోడకు కనీసం ఒక మీటరు దూరం జరపండి. అప్పుడు వెనక గోడకు తగిలి వచ్చే శబ్దం దాదాపు 2 మీటర్లు ఎక్కువ తిరిగి, 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ముందు వచ్చిన శబ్దాన్ని బట్టే చెవి దిక్కు పోల్చుకుంటుందని 1949లో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో చూపించారు. ఆ కాస్త ఆలస్యం ఉంటే గోడ ప్రతిధ్వని అడ్డుపడకుండా శబ్దానికి ఒళ్లు తెచ్చిపెడుతుంది. గాయకుడు సరిగ్గా ఫలానా అంగుళంలో నిలబడ్డట్టు వినిపించాలని కోరుకునేవాళ్లకు ఈ స్పీకర్ నచ్చకపోవచ్చు. గదిలో ఎక్కడ కూర్చున్నా, లేచి తిరుగుతున్నా పాట చెదరకూడదనుకునే నాలాంటివాళ్ల కోసం ఇది.

నట్లను ఇంకా గట్టిగా బిగించకండి. నాలుగో పాఠంలో రెండో పైపు పక్కన చేరుతుంది, అప్పుడు ఎత్తు మళ్లీ ఒకసారి మారుతుంది. ఈలోగా రెండో డ్రైవర్‌కు 1.5 వోల్టుల బ్యాటరీ క్షణం పాటు తగిలించి చూడండి. ప్లస్‌కు ప్లస్ కలిపినప్పుడు కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే, ఆ డ్రైవర్ ప్లస్ వైపు ఓ ఎర్ర చుక్క ఉన్నా సరే, దాన్ని నమ్మకుండా మీరే కొత్త గుర్తు పెట్టుకోండి.